కేస్‌షీటుకెక్కని నిద్ర

ఆసుపత్రిలో చేరిన పిల్లల కేస్‌షీటులో జ్వరం, నాడి, ఊపిరి వేగం, పోసిన మూత్రం కొలత, ఏ గంటకు ఏ మందు వేశారన్న వివరం పూట తప్పకుండా నమోదవుతాయి. ఆ బిడ్డ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది, ఎన్నిసార్లు లేచింది, ఏ కారణంచేత లేచింది అన్న సంగతి మాత్రం చాలా వార్డుల్లో ఏ గడిలోనూ కనబడదు. రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోయే బిడ్డ విషయంలో ఈ లోపం పెద్దగా బయటపడదు. మూడు వారాలో, నెలన్నరో, కొన్ని జబ్బుల్లో విడతలు విడతలుగా ఏడాదికి పైగానో ఆసుపత్రిని అంటిపెట్టుకుని ఉండవలసిన పిల్లలకు మాత్రం నిద్రలేమి రెండో జబ్బుగా తయారై, మొదటి జబ్బును తట్టుకునే శక్తిని కూడా హరిస్తుంది. పిల్లల వార్డులో నిద్ర చికిత్సలో ఒక భాగమనీ, మందు మోతాదుకు ఉన్నంత శ్రద్ధ దానికీ దక్కాలనీ, ఆ శ్రద్ధకు ఖరీదైన యంత్రాల కంటే వేళల సర్దుబాటూ, తల్లికి ఒక పడకా ఎక్కువ అవసరమనీ చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గానికి దక్షిణాన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న కంబదూరు ప్రాంతానికి ఇది ఎక్కడో పెద్ద నగరాల్లోని సమస్య కాదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ మెట్టనేలలో వేరుశనగ ఎండిన ఏడు కుటుంబంలో ఒకరిద్దరు బెంగళూరుకు పనికి పోవడం, పిల్లలు అవ్వ దగ్గరో తల్లి దగ్గరో ఉండిపోవడం మామూలు. మామూలు జ్వరానికి పల్లెకు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమో కళ్యాణదుర్గమో చాలు గానీ, జబ్బు ముదిరితే ప్రయాణం పొడుగవుతుంది: అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, 1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే జనం నోట ‘ఆర్డీటీ’, బత్తలపల్లిలో నడుపుతున్న ఆసుపత్రికో, గుండె జబ్బయితే 1991 నవంబరు 22న ప్రారంభమైన పుట్టపర్తి సూపర్‌ స్పెషాలిటీ ఆసుపత్రికో, 2021లో తిరుపతిలో మొదలైన శ్రీ పద్మావతి పిల్లల హృదయాలయానికో, రక్త కేన్సరయితే హైదరాబాదు కంటే దగ్గరైన బెంగళూరులోని కిద్వాయ్ సంస్థకో వెళ్లవలసి వస్తుంది. ఎముకలోకి చీము చేరిన బిడ్డకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల యాంటీబయాటిక్ చికిత్స కావాలి. రక్త కేన్సరులో మొదటి విడత కీమోథెరపీకే దాదాపు నెల పడుతుంది. మెదడు పొరలకు సోకిన క్షయ, లోతైన కాలిన గాయాలు, పదేపదే ఒళ్లు ఉబ్బే కిడ్నీ జబ్బు, తీవ్ర పోషకాహార లోపం, ఇవన్నీ బిడ్డను వారాల తరబడి మంచానికి కట్టిపడేసేవే.

పిల్లల నిద్ర పెద్దల నిద్రకు చిన్న నమూనా కాదు. అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ 2016లో వెలువరించిన సిఫారసు ప్రకారం పగటి కునుకులతో కలుపుకుని 1–2 ఏళ్ల వారికి రోజుకు 11 నుంచి 14 గంటలు, 3–5 ఏళ్ల వారికి 10 నుంచి 13 గంటలు, 6–12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలి. ఈ నిద్ర అంతా ఒకే రకంగా సాగదు. రాత్రి మొదటి భాగంలో మెదడు తరంగాలు నెమ్మదించి, పిలిచినా పలకనంత గాఢనిద్ర ఎక్కువగా ఉంటుంది, ఎదుగుదలకు కావలసిన గ్రోత్ హార్మోన్ ప్రధానంగా ఆ దశలోనే విడుదలవుతుంది. తెల్లవారుజాము వైపు కనుగుడ్లు రెప్పల కింద చకచకా కదిలే కలల నిద్ర పెరుగుతుంది, నేర్చుకున్నది మనసులో నిలబడడానికీ భయాలు సర్దుకోవడానికీ దాని తోడ్పాటు ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఒక దశ నుంచి మరో దశకు తిరిగి వచ్చే చక్రం పెద్దల్లో సుమారు 90 నిమిషాలయితే చంటిబిడ్డల్లో గంట లోపే పూర్తవుతుంది. కనుక గంట గంటకూ కదిలించిన బిడ్డ మొత్తం మీద ఎనిమిది గంటలు కళ్లు మూసుకున్నట్టు కనబడినా, దాని శరీరానికి అందవలసిన నిద్ర అందనట్టే. నిద్ర చాలని శరీరం నొప్పిని మరింత తీవ్రంగా అనుభవిస్తుంది, నొప్పి మళ్లీ నిద్రను చెడగొడుతుంది. కాలిన గాయానికి కట్టు మార్చే పిల్లల వార్డులో ఈ వలయం ఎంత క్రూరంగా తిరుగుతుందో అక్కడ పనిచేసే నర్సులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

శరీరంలో పగలూ రాత్రీ లెక్క చూసే గడియారం ఒకటి ఉంటుంది. అది కణాల లోపల ఏ జన్యువుల చేత నడుస్తుందో తేల్చినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారానికి వేళ చెప్పేది ముఖ్యంగా వెలుతురే. చీకటి పడ్డాక మెదడులోని చిన్న గ్రంథి ఒకటి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేసి ఒళ్లంతటికీ రాత్రయిందని కబురు పంపుతుంది, కంటి మీద తీవ్రమైన వెలుగు పడితే ఆ కబురు ఆగిపోతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, బడికి వెళ్లే వయసు రాని పిల్లలను పడుకునే ముందు గంటసేపు గట్టి వెలుతురులో ఉంచితే మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది, దీపం తీసేశాక కూడా వెంటనే కోలుకోలేదు. పొద్దుగూకాక దీపాలు తగ్గి, ఎండాకాలమైతే మిద్దె మీద చుక్కల కింద పడుకునే పల్లె బిడ్డ, తలకు నేరుగా పైన రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైటు కింద ఎందుకు దొర్లుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే లోతైన కారణం వెతకనక్కరలేదు. అన్ని దీపాలూ ఆర్పడం వార్డులో కుదరదు, నర్సుకు సెలైన్ చుక్క కనబడాలి, బిడ్డ పెదవుల రంగు కనబడాలి. అయితే రాత్రి తొమ్మిదిన్నరకు మంచాల మీది దీపాలు ఆర్పి నర్సు బల్ల దగ్గరి దీపం మాత్రం ఉంచడం, గోడ కింది భాగాన పసుపు రంగు చిన్న బల్బు పెట్టడం, పరీక్షకు టార్చి వాడేటప్పుడు వెలుగు ముఖాన పడకుండా అరచేయి అడ్డుపెట్టడం ఏ ఆసుపత్రికైనా సాధ్యమే.

శబ్దం సంగతి ఇంకా మొండిది. రాత్రివేళ వార్డులో సగటు శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో మార్గదర్శకం ఇచ్చింది. మామూలు గొంతుతో ఇద్దరు మాట్లాడుకుంటేనే అది 60 దాకా ఉంటుంది కాబట్టి, బిడ్డలూ తల్లులూ కిక్కిరిసిన వార్డులో ఆ ప్రమాణం అందుకోవడం కష్టమే. అందుకోలేకపోయినా, శబ్దాల్లో తప్పనివీ తప్పించగలిగినవీ విడదీయవచ్చు. బిడ్డ ఏడుపు తప్పదు, ఆక్సిజన్ బుసబుస తప్పదు. నూనె లేక కీచుమనే ట్రాలీ చక్రం, స్టీలు ట్రేలో కత్తెర పడేసిన చప్పుడు, ఒకరి సెల్‌ఫోనులో అర్ధరాత్రి మోగే పాట, తెల్లవారుజామున ఐదు కాకముందే మంచాలు జరుపుతూ ఫినాయిల్‌తో బండలు తుడిచే హడావిడి మాత్రం తప్పించగలిగినవే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో ఒక అధ్యాయాన్నే శబ్దానికి కేటాయించి, రోగిలో ఏదో జరగబోతున్నదన్న ఆదుర్దా రేపే అనవసరపు చప్పుడు అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుందని వాదించారు. గుసగుసల విషయంలో ఆమె హెచ్చరిక మన వార్డులకు అచ్చంగా వర్తిస్తుంది: మంచం పక్కన నిలబడి పెద్దలు గొంతు తగ్గించి జబ్బు గురించి మాట్లాడుకుంటే, నిద్ర నటిస్తున్న ఏడెనిమిదేళ్ల బిడ్డ ప్రతి మాటా వింటుంది.

అన్నిటికంటే ఎక్కువగా నిద్ర చెడగొట్టేది వేళల పట్టిక. న్యుమోనియాతో చేరిన బిడ్డను ఉదాహరణగా తీసుకుంటే, ఆరు గంటలకోసారి వేసే ఇంజెక్షను రాత్రి 12కూ ఉదయం 6కూ వస్తుంది, నాలుగు గంటలకోసారి పెట్టే నెబులైజర్ 12కూ 4కూ పడుతుంది, జ్వరం నాడి చూసే విడతలు 10, 2, 6 గంటలకు ఉంటాయి. ఒక్కో పనికి దాని లెక్క సరిగ్గానే ఉంది, మూడూ కలిపితే మాత్రం పదింటి నుంచి ఆరింటి దాకా ఆ బిడ్డకు రెండు గంటలు మించిన ఏకధాటి నిద్ర దొరకదు. అదే నాడి చూసే విడతలను 8, 12, 4కు జరిపితే లేపవలసినది 12కూ 4కూ 6కూ మాత్రమే అవుతుంది. అదే గుణం ఉండి ఎనిమిది గంటలకోసారి వేస్తే సరిపోయే మందు ఉందని వైద్యులు నిర్ణయిస్తే ఇంకా తగ్గుతుంది. పనులన్నీ ఒకే విడతలో కలిపి చేసే ఈ పద్ధతికి నవజాత శిశువుల వార్డుల్లో ఇప్పటికే గుర్తింపు ఉంది, పెద్ద పిల్లల వార్డుకు దాన్ని విస్తరించడానికి అదనంగా ఖర్చయ్యేది ఒక సాయంత్రం వైద్యుడూ నర్సూ కలిసి కూర్చుని పట్టిక దిద్దుకునే సమయమే. జబ్బు కుదుటపడిన బిడ్డకు ‘రాత్రి 10 నుంచి 6 వరకు, నిద్రలో ఉంటే లేపవద్దు’ అని వైద్యుడు కేస్‌షీటులో స్పష్టంగా రాయకపోతే ఏ నర్సూ తన సొంత పూచీ మీద ఆ పని మానలేదు. అందుకు ఆమెను తప్పుపట్టడం కూడా న్యాయం కాదు, ఒక్కరే ముప్ఫై నలభై మంది పిల్లలను చూసుకునే రాత్రుల్లో రాతపూర్వకమైన ఆదేశమే ఆమెకు అండ.

చిన్న విషయాలు కొన్ని ఇక్కడ పెద్ద ఫలితమిస్తాయి. కాన్యులా, అంటే సెలైనూ మందులూ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, ఏ చేతికి పెట్టాలో నిర్ణయించే ముందు బిడ్డ ఏ బొటనవేలు చీకుతుందో తల్లిని అడిగితే, ఆ చెయ్యి వదిలి రెండో చేతికి పెట్టవచ్చు. అలా అడగకుండా చీకే చేతికే అట్ట కట్టి ప్లాస్టరు చుట్టితే, ఆ బిడ్డకు తనంతట తాను నిద్రలోకి జారుకునే ఒకే ఒక దారి మూసుకుపోతుంది. గొట్టానికి మరికొంత పొడుగు అతుకు ఉంటే దుప్పటి తొలగించకుండా, చెయ్యి కదపకుండా మందు ఎక్కించవచ్చు. రాత్రి మాటిమాటికీ లేవకుండా, మూత్రం వెంటవెంట వచ్చేలా చేసే మందును సాయంత్రం కాక మధ్యాహ్నంలోపు ఇవ్వడం, ఒళ్లు ఉబ్బే కిడ్నీ జబ్బులో వాడే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను వీలైనంత వరకు ఉదయమే వేయడం వైద్యులకు తెలిసిన జాగ్రత్తలే. రక్త కేన్సరు చికిత్సలో వాడే డెక్సామెథాసోన్ పిల్లల నిద్రను చెదరగొట్టి అలసట పెంచుతుందని 2007 నాటి అధ్యయనాలు చూపాయి, ఆ రోజుల్లో బిడ్డ రాత్రంతా మేలుకుని తిండి అడిగితే అది మొండితనం కాదని తల్లికి ముందుగా చెప్పి ఉంచితే చాలా కన్నీళ్లు ఆగుతాయి. నెబులైజరులో వేసే సాల్బుటమాల్ గుండెను వేగంగా కొట్టించి కాసేపు కుదురు లేకుండా చేస్తుంది కనుక, అది పెట్టిన వెంటనే నిద్రపొమ్మని బలవంతం చేయడంలో అర్థం లేదు. రక్తంలో ఇనుము తక్కువైన పిల్లలకు పడుకోగానే కాళ్లలో చెప్పలేని చిరాకు పుట్టి ఊరికే ఆడించే లక్షణం రావచ్చు, రక్తహీనత ఇంత విరివిగా ఉన్న జిల్లాలో ఆ కోణం మరచిపోరాదు.

లేపక తప్పని పిల్లలు ఉంటారన్నది కూడా ఇంతే గట్టిగా చెప్పాలి. తీవ్ర పోషకాహార లోపంతో చేరిన బిడ్డకు మొదటి దశలో రెండు గంటలకోసారి, అంటే రోజుకు 12 సార్లు, కొంచెం కొంచెంగా ప్రత్యేక పాల మిశ్రమం పట్టాలనీ, ఆ పని రాత్రి కూడా ఆపరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి నిర్దేశిస్తుంది. ఎందుకంటే ఒంట్లో నిల్వలు లేని ఆ బిడ్డకు కొన్ని గంటల పస్తుతోనే రక్తంలో చక్కెర పడిపోయి, ఒళ్లు చల్లబడి, ప్రాణం పోవచ్చు. అక్కడ ‘పాపం, పనుకోనీ’ అన్న జాలి ప్రమాదకరం. కట్లపాము కాటు తిన్న బిడ్డకు రెప్పలు వాలడం నిద్రో విషమో తేల్చడానికి మాటిమాటికీ పలకరించి తీరాలి, తలకు దెబ్బ తగిలిన బిడ్డ విషయమూ అంతే. ఏ బిడ్డను లేపాలి, ఎవరిని లేపనక్కరలేదు అన్న తేడా పొద్దున రౌండ్స్‌లోనే తేలిపోయి కాగితం మీదికి ఎక్కితే, రాత్రి డ్యూటీలో ఉన్నవారు అందరినీ ఒకే తీరున లేపే అవసరం తప్పుతుంది.

నొప్పినీ భయాన్నీ పక్కన పెట్టి దీపాలూ శబ్దాలూ ఎంత తగ్గించినా ప్రయోజనం ఉండదు. మాటలు రాని బిడ్డ నొప్పిని ముఖం, కాళ్ల కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరడిల్లే తీరు చూసి అంచనా కట్టే పద్ధతులూ, కాస్త పెద్ద బిడ్డకు నవ్వు నుంచి ఏడుపు దాకా గీసిన ముఖాల బొమ్మలు చూపి వేలు పెట్టమనే పద్ధతీ ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. ఆపరేషను అయిన బిడ్డకు నొప్పి మందును అది ఏడ్చాక వెతుక్కోవడం కంటే, వైద్యులు చెప్పిన మోతాదును పడుకునే వేళకు పని చేసేలా ముందే ఇవ్వడం మేలు. భయం విషయంలో పాటించవలసిన నియమం ఒకటే: సూది, కట్టు మార్పు, రక్తం తీయడం వీలైనంతవరకు వేరే గదిలో జరగాలి, మంచం మీద జరగరాదు. మంచమే సూదుల చోటయితే దాని మీద కళ్లు మూసుకోవడానికి ఏ బిడ్డకు ధైర్యం వస్తుంది? నాలుగైదేళ్ల పిల్లలు జబ్బును తాము చేసిన తప్పుకు శిక్షగా ఊహించుకునే అవకాశం ఉంది కాబట్టి, ‘పనుకోకపోతే సిస్టరమ్మ వచ్చి సూదేస్తాది’ అని పక్కమంచం అవ్వ ప్రేమతోనే అన్నా, ఆ మాట బిడ్డ మనసులో నిద్రకూ సూదికీ ముడి వేస్తుంది. రేపు ఏం జరగబోతున్నదో సాయంత్రం వేళ, తెలిసిన మాటల్లో, నిజం చెప్పడం బెదిరింపు కంటే త్వరగా నిద్రపుచ్చుతుంది. బెంగళూరు ఆసుపత్రుల్లో చేరిన పిల్లలకు ఇంకో ఇబ్బంది కలుస్తుంది: సరిహద్దు పల్లెల వారికి కన్నడం కొంత అలవాటే అయినా, నడిరాత్రి ఉలిక్కిపడి లేచిన బిడ్డకు ఓదార్పు తన ఇంటి మాటలోనే అందాలి.

ఇంతకూ ఆ మాట అందించవలసింది తల్లే. లండన్‌లో మానసిక వైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఆసుపత్రిలో తల్లి లేకుండా ఎనిమిది రోజులు గడిపిన రెండేళ్ల పాప మనఃస్థితిని చలనచిత్రంగా తీసి చూపేదాకా, బ్రిటన్‌లోని అనేక పిల్లల వార్డులు తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలు తప్ప రానిచ్చేవి కావు. 1959లో అక్కడి ప్రభుత్వ కమిటీ ఒకటి, ప్లాట్ నివేదికగా పేరుపడిన దానిలో, తల్లిదండ్రులకు ఎప్పుడైనా వచ్చే వీలు ఉండాలనీ చిన్నపిల్లలతో తల్లులు ఉండే ఏర్పాటు చేయాలనీ సిఫారసు చేసింది. మన వార్డుల్లో తల్లి ఎన్నడూ బయటికి పోలేదు. ఆమె అక్కడే ఉంది, కానీ ఆమె ఉండడానికి చోటు మాత్రం ఎవరూ చూపలేదు. మంచం కింద బండల మీద చాపో చీరో పరుచుకుని, ఒక చెయ్యి పైకి చాచి బిడ్డ కాలు పట్టుకుని, సెలైన్ సీసా ఖాళీ అవుతుందేమోనని సగం మెలకువతోనే రాత్రంతా గడిపే స్త్రీ మీద ఆ వార్డు సగం పని నడుస్తున్నది. పాలు పట్టేదీ, తడిబట్ట వేసేదీ, వాంతి తుడిచేదీ, ఊపిరి తేడాను అందరికంటే ముందు పసిగట్టేదీ ఆమే. పదిహేను రాత్రులు అలా గడిపిన తల్లి గొంతులో విసుగు వినబడితే అది ఆమె తప్పు కాదు, ఆ విసుగును బిడ్డ పట్టుకుని నిద్ర మానుకోవడమూ వింత కాదు. తల్లి నిద్రపోని వార్డులో బిడ్డ నిద్రపోతుందని ఆశించడం దండగ.

ఈ చిక్కుకు దారి మన దేశంలోనే ఒకచోట ఇప్పటికే ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2011లో పోషకాహార పునరావాస కేంద్రాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, తల్లి బిడ్డతోపాటు పడుకునేందుకు వీలుగా పెద్దల మంచాలే వేయాలనీ, ఆమెకు భోజనం పెట్టాలనీ, పోగొట్టుకున్న కూలికి బదులుగా రోజుకు కొంత సొమ్ము ఇవ్వాలనీ ఉంది. నవజాత శిశువుల విషయంలో సాక్ష్యం మరింత బలమైనది: ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో 3,211 మంది తక్కువ బరువు శిశువుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లికి కూడా శిశువుల ఐసీయూలోనే మంచం వేసి, పుట్టిన వెంటనే బిడ్డను ఆమె రొమ్ముకు ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టి ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయి. తల్లికి పడక వేయడం దయతో చేసే సౌకర్యం కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే లెక్క దొరకదు. మిగతా పిల్లల వార్డులకు, ఎముక జబ్బు వార్డుకూ కాలిన గాయాల వార్డుకూ, ఈ నియమాన్ని విస్తరించకపోవడానికి సరైన కారణం కనబడదు. అంతవరకు కనీసం మంచం కిందికి మడిచి తోసేసే బల్ల ఒకటీ, తల్లీ అవ్వా రాత్రి మార్చి రాత్రి ఉండేలా అటెండెంట్ పాసును పేర్లు మార్చుకునే వీలుతో ఇవ్వడమూ చేయవచ్చు. ఏడాది నిండని బిడ్డను ఇరుకు మంచం మీద పక్కలో వేసుకుని అలసిన తల్లి గాఢంగా నిద్రపోతే ఊపిరాడని ప్రమాదం ఉంది, అందుకూ వేరే పడక కావాలి.

ఇంట్లో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో ఊగి నిద్రపోయే అలవాటున్న బిడ్డకు వార్డులో హఠాత్తుగా ఆ ఊపు ఆగిపోతుంది. ఇనుప మంచానికి చీర కట్టి ఊపడం ముడి జారినా మంచం ఒరిగినా ప్రమాదమే కనుక ఆసుపత్రులు ఒప్పుకోవు, ఒప్పుకోరాదు కూడా. దానికి మారుగా మన తల్లులకు బాగా తెలిసిన పద్ధతే ఉంది: గోడకు ఆనుకుని కాళ్లు బారజాపి, బిడ్డను తల పాదాల వైపు ఉండేలా కాళ్ల మీద వేసుకుని, పాదాలు ఎడమకూ కుడికీ మెల్లగా కదపడం. కాన్యులా ఉన్న చెయ్యి పైవైపు ఉండేలా, గొట్టం కింద నలగకుండా చూసుకుంటే సెలైన్ ఎక్కుతుండగా కూడా ఇలా ఊపవచ్చు. జోలపాట సంగతి శాస్త్రం కూడా పట్టించుకుంది. న్యూయార్క్‌లోని జోవాన్ లోవీ బృందం 11 ఆసుపత్రుల్లో 272 మంది నెలలు నిండని శిశువుల మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిదండ్రులు తాము ఎంచుకున్న పాటను జోలగా మార్చి పాడినప్పుడు పిల్లల గుండె వేగం నెమ్మదించింది, పాలు చీకడమూ నిద్రా మెరుగుపడ్డాయి, పెద్దల ఆందోళన కూడా తగ్గింది. పాడడానికి సిగ్గుపడే కొత్త తల్లికి ఈ సంగతి చెప్పవలసింది నర్సే. ఇంటి నుంచి తెచ్చిన అవ్వ చీర ముక్కో, నాన్న పాత చొక్కానో పక్కలో పెట్టుకుంటే ఆ వాసనకు బిడ్డ కుదుటపడుతుంది. కురుబల మగ్గం మీది కంబళి మాత్రం వెచ్చగా ఉన్నా, రోగనిరోధక శక్తి పడిపోయిన పిల్లలుండే కేన్సరు వార్డులోకి వైద్యుల అనుమతి లేకుండా తేరాదు, దాని బదులు ఉతికి ఎండలో ఆరేసిన నూలు బట్ట మంచిది. సందెవేళ నుదుట విభూతి పెట్టే ఇల్లయితే వార్డులోనూ అదే వేళకు పెట్టడం వల్ల బిడ్డకు నిద్రవేళ వచ్చిందన్న గుర్తు అందుతుంది; తాయెత్తు దారం మాత్రం కాన్యులా ఉన్న చేతికి, వాచిన కాలికి బిగించరాదు.

ఈ రోజుల్లో నిద్రకు ఎదురు నిలిచేది సెల్‌ఫోను. సూది వేసేటప్పుడు కార్టూను చూపి మరపించడంలో తప్పులేదు, పైగా అది నొప్పిని తగ్గించే మంచి ఉపాయమే. రాత్రి పదకొండు దాకా ముఖం మీద అదే తెర వెలుగుతుంటే మాత్రం నిద్ర వచ్చే దారి మూసుకుంటుంది. ఇందులో కంబదూరు వంటి పల్లెల కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది: తండ్రి బెంగళూరులో కట్టడం పని ముగించుకుని వీడియో కాల్ చేసేసరికి తొమ్మిదీ పదీ అవుతుంది, ఆ పిలుపు కోసం బిడ్డ కళ్లు వత్తులు చేసుకుని కాచుకుంటుంది, మాట్లాడాక ఏడుస్తుంది. ఆ పిలుపును మానమనడం అన్యాయం. తెల్లవారి టిఫిను వేళకు మార్చుకోమని తండ్రికి చెప్పడం, రాత్రికి అతని గొంతుతో రికార్డు చేసిన నాలుగు మాటలో కథో తెర మూసి వినిపించడం, ఈ రెండూ చేయగలిగినవే.

పగలంతా మంచం మీద మగతగా పడి ఉన్న బిడ్డ రాత్రి మేలుకోవడం సహజం కాబట్టి, నిద్ర సంగతి పొద్దున్నే మొదలవ్వాలి. కిటికీ తెర తీయడం, వైద్యులు ఒప్పుకుంటే వరండాలోకి నడిపించడం, నడవలేని బిడ్డ మంచాన్నే వెలుతురు వైపు జరపడం, బడి పుస్తకాలు తెప్పించి రోజుకు కాసేపు చదివించడం, సాయంత్రం నాలుగు దాటాక కునుకు తీయనివ్వకపోవడం, ఇవన్నీ రాత్రికి పెట్టుబడులు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఈ మెట్టలో సాయంత్రం తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, పలుచని నూలు బట్ట వేసి, దోమతెర కట్టాకే పడుకోబెట్టాలి.

నిద్రమందుల విషయంలో రాజీ పనికిరాదు. దగ్గు తగ్గి నిద్ర కూడా పడుతుందని మందుల అంగడిలో కొనే సిరప్పుల్లో మగత కలిగించే మందులు ఉంటాయి. వాటిలో ఒకటైన ప్రొమెథజైన్ రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరిని ప్రాణాంతకంగా అణచివేసే ప్రమాదం ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు వారికి వాడరాదని భారత ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో హెచ్చరించింది. ఇప్పటికే పలు మందులు ఎక్కుతున్న బిడ్డకు తల్లి చాటుగా ఇలాంటిది పడితే, నర్సుకు కనబడే మగత జబ్బుదో సిరప్పుదో తేలదు. గురక పెడుతూ, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచే బిడ్డ విషయం వెంటనే వైద్యులకు చెప్పాలి. అది గొంతు వెనుక గ్రంథులు ఉబ్బి గాలి దారి మూసుకుపోవడం కావచ్చు.

డిశ్చార్జి రోజుతో ఈ కథ ముగియదు. వారాల తరబడి ఆసుపత్రిలో గడిపిన పిల్లలు ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు నడిరాత్రి లేచి ఏడవడం, తల్లి కొంగు వదలకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టడం సాధారణమని, కోప్పడక పాత వేళలకు మెల్లగా మళ్లిస్తే చాలావరకు సర్దుకుంటుందని ఎవరూ చెప్పకపోతే, కుటుంబం దిష్టి తగిలిందనో బిడ్డ మారిపోయిందనో బెంగపడుతుంది. డిశ్చార్జి కాగితంలో ‘రోజుకు మూడుసార్లు’ అని మాత్రమే రాసిన మందును, ఆసుపత్రి అలవాటు కొద్దీ, అర్ధరాత్రి అలారం పెట్టి లేపి పోసే తల్లులు ఉన్నారు. అందుకు బదులు ‘ఉదయం ఏడు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది’ అని తెలుగులో వేళలతో సహా రాసి, నెల దాటినా నిద్ర కుదురుకోకపోతే ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చెప్పి మళ్లీ చూపించుకోవాలని అదే కాగితం కింద మరో వరుస చేర్చడం వైద్యుల చేతిలోని పని.